ప్రభువు కుండ

చక్కెర జబ్బు బయటపడ్డాక డాక్టరు నన్ను అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నాడు. చిన్నప్పుడు మరో గతి లేక తిన్న తిండిని ఈ వయసులో మందులా తినవలసి వచ్చినందుకు నాకు నవ్వూ వచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. మొన్న మా అమ్మాయి షాద్‌నగర్ అంగడి నుంచి చిన్న సంచిలో పచ్చజొన్నలు తెచ్చింది. అమ్మినవాడెవరో పాతకాలపు మనిషై ఉండాలి, పురుగు పట్టకుండా గింజల్లో ఎండు వేపాకు కలిపి పెట్టాడు. సంచి మూతి విప్పి చాటలోకి వంచగానే వేపాకు చేదూ, జొన్నల మీది సన్నటి దుమ్మూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. చాట ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మా అమ్మాయి వంటింట్లోంచి తొంగిచూసి, "ఏమైందమ్మా, కండ్లు తిరుగుతున్నయా?" అని అడిగింది. ఏం లేదు, నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆ వాసన మా అవ్వ ఇంట్లో పొయ్యి పక్క మూలన ఉండే ఒక కుండది, ఆ కుండ సంగతి వంటింటి గుమ్మం దగ్గర నిలబడిన మనిషికి చెప్పేది కాదు.

మాది అచ్చంపేట దిగువన, నల్లమల అడవి మొదలయ్యే చోట, ఎర్రమట్టి చెలకల మధ్య ఉన్న ఊరు. ఊరికి తూర్పున వాగు, వాగు ఒడ్డున మా వాడ. కొద్దిపాటి గుడిసెలు, వాటి నడుమ మట్టిగోడల చర్చి, దాని మీద బోదగడ్డి కప్పు, ముందర చింతకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని రాయితో కొడితే అదే మాకు గంట. మా తాతల కాలంలో ఎవరో తెల్లదొర గుర్రం మీద వచ్చి ఆ వాగులోనే అందరికీ బాప్తీస్మం ఇచ్చాడట, నాకు జ్ఞానం వచ్చేనాటికి అది పెద్దవాళ్ళు చెప్పుకునే కథ అయిపోయింది. మాకు తెలిసిన దొరా, దేవదూతా అన్నీ మా పంతులే. వారమంతా మాకు ఇసుకలో అక్షరాలు దిద్దించి, ఆదివారం అదే చొక్కా ఉతికి తొడుక్కుని ప్రసంగం చెప్పే బక్కపలచని మనిషి ఆయన.

తొలకరి పడితే చెలకల్లో ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికి వచ్చేవి, వాటిని అగ్గిపెట్టెల్లో వేసుకుని బడికి పట్టుకుపోయేవాళ్ళం. బతుకమ్మ నాళ్ళలో ఊళ్ళోని ఆడపిల్లలు తంగేడు పూల కోసం మా వాడ పక్కనుంచే పోయేవాళ్ళు. వాళ్ళకు పూలు తెంపి ఇచ్చేవాళ్ళం గాని, వాళ్ళు ఆడుతుంటే దూరంగా నిలబడి చూసేవాళ్ళం, ఆ పాటలు మాత్రం మాకు వాళ్ళకంటే బాగా వచ్చు. తర్వాత సీతాఫలాలు, గడ్డివాములో మగ్గబెట్టి, ఏది మెత్తబడిందో వేలితో నొక్కి చూసి చూసి అన్నింటినీ పాడుచేసేవాళ్ళం. చలి ముదిరాక క్రిస్మస్ వచ్చేది. చర్చి గోడలకు ఎర్రమట్టి పూసి సున్నంతో అంచులు దిద్దేవాళ్ళు, మా అమ్మ నువ్వులు కలిపిన పిండితో సకినాలు చుట్టేది, ఆ నూనె వాసనకు వాడలోని కుక్కలన్నీ మా గుమ్మం ముందు చేరేవి. ఎండలు ముదిరితే అడవి అంచున ఇప్పపువ్వు రాలేది, తునికిపండ్లు పండేవి. మధ్యాహ్నం వడగాలికి బయటికి పోనియ్యకపోతే అరుగు మీద కచ్చకాయలు ఆడుకునేవాళ్ళం. ఇదంతా చెబుతుంటే ఎంత సుఖంగా ఉన్నామో అనిపిస్తుంది గాని, కడుపు నిండా తిన్న రోజులు పండగ రోజులే.

మా అవ్వ, అంటే మా బాపు తల్లి, పేరు రూతమ్మ. తాత చిన్నవయసులోనే పోతే ఇద్దరు కొడుకులను పెంచింది. పెద్దవాడు మా బాపు దావీదు, చిన్నవాడు మా చిన్నబాపు యేసోబు. అవ్వ పొడుగు మనిషి, చేతులు మగవాళ్ళ చేతులంత ఉండేవి. మా వాడలో అందరూ కల్లు తాగేవాళ్ళే, చర్చికి వచ్చేవాళ్ళు కూడా ఆదివారం ఒక్కరోజు ఆగి సోమవారం ఆ బాకీ తీర్చుకునేవాళ్ళు. అవ్వ మాత్రం బాప్తీస్మం పొందిన నాడు కల్లు విడిచింది, తాత పోయిన నాడు పొగాకు విడిచింది, మళ్ళీ ముట్టలేదు. మైసమ్మ జాతరకు కోసిన పొట్టేలు కూర ఊళ్ళోంచి వస్తే మా నోళ్ళు ఊరిపోయేవి, అవ్వ దాన్ని నవ్వుతూ పక్కింటికి పంపేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. దేవుడికి మా ఇంటి కూర మీదే ఎందుకింత కన్ను అని మా అమ్మను అడిగితే, మా అమ్మ ఒకసారి అవ్వ వైపు చూసి తన పనిలో పడేది.

ఇక ఆ కుండ. పొయ్యి మీద ఎసరు పెట్టాక, వండడానికి చాటలో పోసుకున్న గింజల్లోంచి ముందుగా ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేయాలి. అది ప్రభువుది. మా వాడలో ప్రతి ఇంట్లో అలాంటి కుండ ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున వాటిని చర్చికి తెచ్చి, బల్ల ముందర పెట్టిన పెద్ద గంపలో పోసేవాళ్ళు. ఆ గింజలే పంతులు ఇంటికీ, ముసలివాళ్ళకూ, సంపాదించే మగదిక్కు లేని ఇళ్ళకూ పోయేవి. మిగిలినరోజుల్లో కుండకు తెల్లగుడ్డ కట్టి ఉండేది, ఇంట్లో ఎంత కరువున్నా దాని మీద చెయ్యి వేయకూడదు. కరువు వచ్చినప్పుడు ఇంట్లో వండేది సగమైనా ఆ పిడికెడు మాత్రం సగం కాదు. అవ్వ చెయ్యి పెద్దది కావడంతో మా ఇంటి పిడికెడు వాడలో అందరి పిడికెడు కంటే పెద్దది. ఒకసారి మా అమ్మ ఉండబట్టలేక, "సువార్తతోని ఏయించరాదత్తా, చిన్న చెయ్యి, జర మనకు మిగుల్తయి" అంది. సువార్త అంటే నేను. అవ్వ కోప్పడలేదు. "చిన్నది పిల్ల చెయ్యి కాదు లే, నీ మనసు" అని, తన చేత్తో తీసి వేసింది. నేను ఎంత బతిమాలినా నన్ను ఆ పని చేయనివ్వలేదు.

శ్రమదినాలు వచ్చాయంటే ఇంట్లో ప్రతివాళ్ళూ, ఈస్టరు దాకా, తమకు ఇష్టమైనదేదో ఒకటి విడవాలి. ఒక ఏడు అందరం పొయ్యి చుట్టూ కూర్చుని ఎవరేం విడుస్తారో చెబుతున్నాం. అమ్మ బెల్లం అంది. బాపు చుట్ట అన్నాడు. నేను సీతాఫలాలు అన్నాను. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది, "ఎండకాలం ముంగట సీతాఫలం యాడ దొరుకుతదే దొంగదానా, దేవునికే టోపీ పెడ్తవా" అని. అప్పుడు చిన్నబాపు, పుల్లతో నేల గీస్తూ, "నేను వెట్టి విడుస్త" అన్నాడు. పటేలు ఇంటికి కూలి లేకుండా చేసే చాకిరీని వెట్టి అనేవాళ్ళు. చెప్పులు కుట్టి ఇవ్వడం, కట్టెలు మోయడం, సర్కారు మనుషులు వస్తే వాళ్ళ సామాన్లు నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా నడవడం. మా ఇంటి మగవాళ్ళు తరతరాలుగా చేసిన పని అది. అందరూ అతను హాస్యమాడాడనుకుని నవ్వారు. ఈస్టరు వచ్చింది, పోయింది, అమ్మ బెల్లం నోట్లో వేసుకుంది, బాపు చుట్ట వెలిగించాడు. చిన్నబాపు మళ్ళీ వెట్టికి పోలేదు.

అప్పటిదాకా మా వాడలో సంఘం అంటే చర్చి సంఘమే. నల్లగొండ వైపు నుంచి మరో సంఘం మాట అప్పుడే మా పక్కకు వచ్చింది. భూమి దున్నేవాడిదేనంటారట, వెట్టి చేయించేవాళ్ళను నిలదీస్తారట. చిన్నబాపు అందులో చేరాడు. అతను చర్చి మానలేదు, కొత్త పాటలు కట్టి పాత కీర్తనల రాగంలో పాడేవాడు, అవ్వ వింటూ మాట అర్థం కాకపోయినా రాగానికి తల ఊపేది. రజాకార్లు ఊళ్ళ మీద పడ్డ రోజుల్లో మేము గటక, అంటే జొన్నరవ్వ సంకటి, ఉడుకుతున్న కుండను పొయ్యి మీదే వదిలి వాగు అవతలి గుట్టల్లోకి పరిగెత్తేవాళ్ళం, తిరిగి వచ్చేసరికి గటక మాడి ఉండేది, ఒకసారి గుడిసే కాలి ఉంది. అవ్వ ఆ బూడిదలో ముందుగా వెతికింది ఆ కుండను. అది పగలలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆమె ఎంత సంబరపడిందో చెప్పలేను.

తర్వాత ఢిల్లీ మిలిట్రీ వచ్చింది, నిజాం దిగిపోయాడన్నారు. పంతులు గంట కొట్టించాడు, స్తోత్రగీతాలు పాడాం, తుపాకీ పట్టి సంఘం దళంలో తిరుగుతున్న చిన్నబాపు ఇక ఇంటికి వచ్చి అన్నం తిని పడుకుంటాడని అనుకున్నాం. అలా జరగలేదు. ఊరొదిలి పారిపోయిన పటేళ్ళూ దొరలూ ఆ మిలిట్రీ వెనకాలే తిరిగి వచ్చారు. సంఘం పేదలకు పంచిన చెలకలు తిరిగి వాళ్ళ చేతికి పోయాయి. చిన్నబాపు వాళ్ళు తుపాకులు దించం అని నల్లమల ఎక్కేశారు. అడవి అంచున ఉన్న ఊళ్ళకు అప్పట్నించే అసలు కష్టం మొదలైంది. మిలిట్రీ వాళ్ళు పాత పత్తి మిల్లులో క్యాంపు పెట్టారు. అడవిలో వాళ్ళకు ఎవరు తిండి పెట్టినా పట్టుకుపోతామని దండోరా వేయించారు. వారానికి సరిపడా గింజలకు మించి ఏ ఇంట్లోనూ ఉండకూడదన్నారు. నలుగురు గుమిగూడకూడదన్నారు. అలా మా చర్చి తలుపు మూతపడింది.

ఆదివారం కూడిక లేకపోతే కుండల్లో పడ్డ గింజలను గంపలో పోసే దారి లేదు. వారం తర్వాత వారం అవి కుండల్లోనే పెరిగాయి. ఆ ఏడు వానలూ సరిగా పడలేదు, జొన్న చేతికి రాలేదు, గింజలు పోసుకునే గుమ్ములు అడుగంటాయి. పంతులు ఇల్లిల్లూ తిరిగి మెల్లగా చెప్పాడు. "కుండల గింజలు వండుకోండ్రి. పిల్లలు పస్తులుంటే ప్రభువు సంతోషపడడు. మళ్ళ తలుపులు తీసినంక చూసుకుందాం." అందరూ బతికామనుకుని కుండలు వంచి వండుకున్నారు, కడిగి బోర్లించారు. అవ్వ పంతులు మాట విని తల ఊపింది, ఆయన పోగానే కుండకు గుడ్డ ఇంకా బిగించి కట్టింది. మా తమ్ముడు అప్పుడు పాలు మరిచిన పసివాడు, ఆకలికి రోజంతా సన్నగా మూలిగేవాడు. మా అమ్మ ఆ కుండకేసి చూసి చూసి, ఒకరోజు, "పంతులే ఒద్దన్నంక నీకేమైందత్తా?" అని అడిగింది. అవ్వ అంది, "పంతులు నా చేతులకెల్లి తీస్కుంటడు బిడ్డా. ఇచ్చేది పంతులుకు కాదు." మా అమ్మ పిల్లవాణ్ణి ఎత్తుకుని బయటికి పోయింది. అవ్వ ఆ రోజుల్లో తన వంతు గటకలో సగం తమ్ముడికి పెట్టేది, సగం నాకు పెట్టి తాను అంబలి నీళ్ళు తాగేది. తన నోటిది ఎంతైనా తీసి ఇచ్చేది. కుండలోది మాత్రం కాదు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, అమ్మా బాపూ అడవి అంచున తునికాకు కోయడానికి పోయినప్పుడు, గొర్రెలకాపరి వేషంలో గొంగడి కప్పుకుని చిన్నబాపు ఇంటికి వచ్చాడు. ముందు నేను గుర్తుపట్టలేదు. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు పెద్దవై, మా తమ్ముడి ముఖంలా అయిపోయింది అతని ముఖం. అవ్వ ఏడవలేదు, తన కోసం ఉంచుకున్న ఇంత గటకా చింతతొక్కూ ముందు పెట్టింది. అతను రెండు ముద్దలు తిని ఆపేశాడు.

"నాకు సాలు గని అమ్మా, వాగుల ఇంక ముగ్గురున్నరు. ఇంట్ల గింజలేమన్న ఉన్నయా?"

"గుమ్మి ఊడ్చి నిన్ననే వండినం."

అతను మూల వైపు చూశాడు. "గా కుండల ఉన్నయి గదనే."

"అవి నావి కావు బిడ్డా."

చిన్నబాపు నవ్వాడు. నాకు ఆ నవ్వు ఇప్పటికీ కనబడుతుంది, పళ్ళు మాత్రమే నవ్వినట్టు. "ప్రభువు ఐదు రొట్టెలతోని ఐదువేల మందికి పెట్టిండని నువ్వే చెప్తివి. మేం నలుగురమే ఉన్నం."

అవ్వ, తాత గుర్తుగా మెడలో దారానికి ఉంచుకున్న పుస్తె చేతిలోకి తీసుకుంది. "ఇది తీస్కపో. యాడన్న ఇచ్చి గింజలు తెచ్చుకో."

"పుస్తె ఉడకవెట్టుకొని తింటమా అమ్మా? గిప్పుడు ఏ దుకాణపోడు మాకు గింజలమ్ముతడు?"

ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. కుండ అతనికి చేతికందేంత దూరంలో ఉంది. అతని నడుముకు పిస్తోలు ఉంది. అడ్డం పడటానికి అక్కడ ఒక ముసలామె, ఒక చిన్నపిల్ల తప్ప ఎవరూ లేరు. అతను కాసేపు దాన్ని చూసి, లేచి, మిగిలిన గటకను ఆకులో చుట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయాడు. అతనూ ఆ ఇంట్లో పెరిగినవాడే, ఆ కుండ మూత తీయకుండా పెరిగినవాడే. ఇది నాకు తట్టడానికి సగం జీవితం పట్టింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, అవ్వ మీద నాకు పుట్టిన కోపం. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఇళ్ళు సోదా చేయడానికి మిలిట్రీ వచ్చింది. పటేలు ముందు నడుస్తూ ఎవరి ఇల్లు ఏదో చెబుతున్నాడు. మా గుడిసెలో గుమ్మి చూశారు, అడుగు కనబడుతోంది. తమ్ముడు అమ్మ చంకలో ఏడుస్తున్నాడు. మూలన గుడ్డ కట్టిన కుండ విప్పితే, అంచుదాకా శుభ్రమైన జొన్నలు, మధ్యమధ్య వేపాకులు.

పటేలు నెమ్మదిగానే అడిగాడు. "గుమ్మిల గింజ లేదు. పిల్లగాడు ఆకలికి ఏడుస్తుండు. నిండు కుండకు గుడ్డ కట్టి దాచిన్రు. ఎవలకోసం రూతమ్మా?"

"దేవునికోసం దొరా. మా కిరస్తానపోళ్ళం అందరం పెడ్తం. ఏ ఇంట్ల జూసినా ఉంటది, జూడుండ్రి."

చూశారు. వాడలో ప్రతి ఇంట్లోనూ వెతికారు. ఎక్కడ చూసినా కుండలు కడిగి బోర్లించి ఉన్నాయి. నిండు కుండ ఉన్నది ఒక్క మా ఇంట్లోనే, కొడుకు అడవిలో ఉన్న ఇంట్లోనే. పంతులు పరిగెత్తుకొచ్చి సంగతంతా చెప్పబోయాడు, ఆయన్ను పక్కకు నెట్టేశారు. పటేలు చెడ్డవాడే, దాంట్లో నాకు అనుమానం లేదు. కాని ఆ రోజు అతను అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పిల్లల నోరు కట్టి గింజలు దాచిపెట్టే తల్లి ఎవరికోసం దాస్తుంది, కొడుక్కోసం కాకపోతే? లోకంలో ఏ తల్లయినా అంతే. మా అవ్వ అలా చేయలేదని నమ్మమంటే ఎవరు నమ్ముతారు? గింజలు సంచిలో పోసుకున్నారు, కుండను గడప మీద కొట్టారు, చేన్లోంచి వస్తున్న మా బాపును పట్టుకుని పెడరెక్కలు విరిచి కట్టి తీసుకుపోయారు. కొడుకు అడిగినా పెట్టలేదని అవ్వ ఒట్టు పెట్టి చెబుతూ క్యాంపు దాకా వాళ్ళ వెంట నడిచింది. అలా చెప్పడంతో కొడుకు ఇంటికి వచ్చాడన్న సంగతి కూడా వాళ్ళకు తెలిసిపోయింది.

బాపును క్యాంపులో ఏం చేశారో ఆయన చచ్చేదాకా మాకు చెప్పలేదు. ఆ కబురు అడవికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. ఒకనాడు పొద్దెక్కాక, వాడ మధ్య బాట వెంట, తుపాకీ లేకుండా, గొంగడి భుజాన వేసుకుని చిన్నబాపు నడుచుకుంటూ వచ్చాడు. దాక్కోవడం లేదు, తొందరపడటం లేదు. మా గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగాడు. అవ్వ తిరగలి ఆపి తలెత్తింది.

"అన్నను ఇడిసిపెడ్తరు," అన్నాడు. "వచ్చేటాళ్ళకు గటక వండి పెట్టు."

అంతే. మళ్ళీ క్యాంపు వైపు నడిచాడు. అవ్వ లేచి వాగు దాకా వెనక పరిగెత్తితే ఆడవాళ్ళు పట్టుకుని ఆపారు. ఆ సాయంత్రానికి బాపు ఎవరిదో బండి మీద వచ్చాడు, పాదాలు నేల మీద పెట్టలేడు, ఒక చెవి వినబడదు. అవ్వ గటక వండి పెట్టింది, ఆయన తినలేదు. చిన్నబాపు రాలేదు. స్థావరాలు చూపించమని అడవిలోకి తీసుకుపోతే పారిపోబోయాడనీ, కాల్చారనీ కొన్నాళ్ళకు పటేలు మనిషి వచ్చి చెప్పిపోయాడు. శవం ఇవ్వలేదు. వాగు ఒడ్డున మా సమాధుల దగ్గర తాత పక్కన అతనికని ఉంచిన జాగాలో గడ్డి మొలిచింది, ఏటా ఈస్టరు పండగ తెల్లవారుజామున అందరి సమాధులకూ పూలు పెడుతూ ఆ గడ్డి దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ ఏం చేయాలో తోచేది కాదు.

చర్చి తలుపులు మళ్ళీ తెరిచిన ఆదివారం అందరూ కుండలు తెచ్చారు. మాకు కుండ లేదు. అవ్వ పిడికిలి మూసుకుని ఇంటి నుంచి చర్చి దాకా నడిచి వచ్చింది. పంతులు గంప ముందు నిలబడి, "రూతమ్మా, ఈ వారం ఒద్దు తల్లీ" అన్నాడు. ఆమె విననట్టే బల్ల ముందుకు వెళ్ళింది. అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, ఆమె నిలబడే ఉంది. ప్రార్థనలో ఆమె గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు. ఆ రోజు పక్కింటివాళ్ళతో తగువుకు దిగినట్టు మాట్లాడింది.

"నా కొడుకు నోటికాడిది గుంజి నీకు పెట్టిన అయ్యా. నువ్వన్న తినకపోతివి, వాడన్న తినకపోయె."

తర్వాత పిడికిలి విప్పి గింజలు గంపలో వేసింది. పంతులు ఆమేన్ అనలేకపోయాడు. ఎవరూ అనలేదు. పైకప్పు గడ్డిలో పిచ్చుకలు అరుస్తున్నాయి, నాకు అవే వినబడ్డాయి.

బాపు మళ్ళీ చేనుకు పోలేదు. సంపాదించే మగదిక్కు లేని ఇళ్ళలో మా ఇల్లూ చేరింది. అందుకని ఆదివారం సాయంత్రం పంతులు ఆ గంపలోంచి గింజలు తెచ్చి మా చాటలో పోసి పోయేవాడు. వాడలో అన్ని ఇళ్ళ పిడికెళ్ళూ కలిసిన గింజలవి, పచ్చజొన్నలూ తెల్లజొన్నలూ సజ్జలూ అన్నీ. మా తమ్ముడు వాటితోనే పెరిగి పెద్దవాడయ్యాడు. నేను వాటితోనే పెద్దమనిషినయ్యాను, చదివాను, పంతులమ్మనయ్యాను. ప్రభువు గింజలు తినని వాడు మా ఇంట్లో చిన్నబాపు ఒక్కడే. అవ్వ వాటిని వండేముందు కూడా ఒక పిడికెడు తీసి కొత్త కుండలో వేసేది. ఎందుకని నేను అడగలేదు, అడిగితే ఏం చెబుతుందో అని భయం వేసేది. ఆమె విశ్వాసంతో వేసిందో, పంతంతో వేసిందో, మానేస్తే కొడుకు ఉత్తపుణ్యానికి చచ్చినట్టవుతుందని వేసిందో నాకు తెలియదు. కీర్తనలు మాత్రం పాడటం మానేసింది. చర్చిలో నోరు మూసుకుని కూర్చునేది, ఇంటికి వచ్చి పిడికెడు తీసేది.

ఇప్పుడు మా వాడలో గుడిసెలు లేవు, మట్టిగోడల చర్చి లేదు, టైల్స్ వేసిన పెద్ద చర్చి ఉంది, దానికి మైకులున్నాయి. కానుకలు కవర్లలో వేస్తారు, ఈ మధ్య ఫోన్లోనే పంపుతున్నారు. పిడికెడు తీసే కుండలు ఏ ఇంట్లోనూ లేవు. పొలాల్లో అంతా పత్తి, జొన్న చేలూ లేవు, వాటి మీద వాలే పిట్టలూ లేవు. సంఘం స్త్రీలు నన్ను పిలిచి పాతకాలపు భక్తి గురించి రెండు మాటలు చెప్పమంటారు. మా అవ్వ ఎంత ఆకలిలోనూ దేవుడిది ముట్టలేదని చెబుతాను, వాళ్ళు స్తోత్రం అంటారు. సగం కథ చెప్పి కూర్చుంటాను. నేను ఇప్పటికీ విశ్వాసినే, రోజూ అన్నం ముందు కళ్ళు మూసుకుంటాను. మూసుకుంటే రెండు ముద్దలు తిని ఆపేసిన మనిషి కనబడతాడు. అది దేవుడికీ నాకూ మధ్య ఉన్న గొడవ, ఇన్నేళ్ళయినా తెగలేదు.

అవ్వ పోయేనాటికి నాకు పెళ్ళయి పిల్లలు. వేసవి సెలవులు కావడంతో దగ్గరే ఉన్నాను. మాట సన్నగిల్లి, దగ్గరికి వంగితే తప్ప వినబడేది కాదు. ఆ మధ్యాహ్నం ఆమె కుడిచెయ్యి దుప్పటి మీద కదలసాగింది, వేళ్ళు ముడుచుకుని, పిడికిలై, లేచేది. చుట్టూ ఉన్నవాళ్ళు చూసి కళ్ళొత్తుకున్నారు. "చూసిన్రా, పోయే గడియల్ల గూడ ప్రభువుకు పిడికెడు తీస్తాంది తల్లి" అంది పక్కింటామె. నేను మంచం పట్టె మీదే కూర్చుని ఉన్నాను. ఆ చెయ్యి పొయ్యి మూలకు పోవడం లేదు. గుమ్మం వైపు చాపుకుని ఉంది. గుమ్మంలో ఎవరూ లేరు, ఎండ పడుతోంది. అవ్వ పెదవులు కదిలితే చెవి ఆనించాను.

"ఎండల నిలబడ్డవేంది బిడ్డా. తువ్వాల పట్టు."

నేను లేచి ఆ చెయ్యి కింద నా కొంగు పట్టాను. అవ్వ పిడికిలి విప్పింది.